ముందు గట్టింగ్ మార్చి చూడండి

ర్యాంకు కాస్త పైకి కదిలిందో లేదో, టెన్నిస్ ఆడే పిల్లల ఇళ్లకు ఫోన్లు మొదలవుతాయి. ఒక కంపెనీ ఏడాదికి ఇన్ని రాకెట్లు ఉచితంగా ఇస్తామంటుంది. ఇంకో కంపెనీ రాకెట్లతో పాటు బ్యాగు, బూట్లు, గట్స్ కూడా కలుపుతామంటుంది. అకాడమీలో సీనియర్ ఒకడు "ఇది పట్టుకుని చూడరా, ఫోర్‌హ్యాండ్ ఎలా పోతుందో" అంటూ తన రాకెట్ చేతిలో పెడతాడు. కోచ్ మారితే కొత్త కోచ్‌కి పాత రాకెట్ నచ్చదు. నిన్నటిదాకా ఎవరూ పట్టించుకోని కుర్రాడి చేతిలోని వస్తువు మీద ఒక్కసారిగా ఇంతమందికి అభిప్రాయాలు పుట్టుకొస్తాయి. అదీ ఆట అప్పుడప్పుడే కుదురుకుంటున్న రోజుల్లో.

ఈ అధ్యాయం ఆ రోజుల గురించి. టెన్నిస్ ఆడేవాళ్లకీ, ఆడించే తల్లిదండ్రులకీ సూటిగా పనికొస్తుంది. కెమెరాతోనో వీణతోనో కుట్టుమిషన్‌తోనో బతికేవాళ్లు తమ పనికి తగ్గట్టు అన్వయించుకోవచ్చు. నేను చెప్పదలుచుకున్న సంగతి పెద్దదేమీ కాదు. పైకి వస్తున్నప్పుడు పనిముట్టు మార్చక తప్పకపోతే, రేపు మళ్లీ మొదటికి రాగలిగిన చిన్న మార్పుతో మొదలుపెట్టండి. నెలల తరబడి అలవాటు పడాల్సిన మార్పుని సీజన్ ముగిసేదాకా ఆపండి. టెన్నిస్‌లో దీని వరస ఇలా ఉంటుంది: ముందు గట్టింగ్ (రాకెట్‌కి తీగలు బిగించడం), ఆ తర్వాత బరువు, అన్నిటికీ ఆఖర్న ఫ్రేమ్. చాలామంది దీన్ని సరిగ్గా తలకిందులుగా చేస్తారు. షోరూంలో కనిపించేది ఫ్రేమే కదా!

1997 ఫ్రెంచ్ ఓపెన్ మొదలైనప్పుడు బ్రెజిల్ కుర్రాడు గుస్తావో కుయెర్టన్ ర్యాంకు 66, వయసు 20. అప్పటికి ఏటీపీ టూర్‌లో అతని పేరున ఒక్క సింగిల్స్ టైటిల్ కూడా లేదు. ఆ రెండు వారాల్లో ముగ్గురు మాజీ చాంపియన్లని ఓడించాడు: థామస్ మస్టర్, యెవ్‌గెనీ కఫెల్నికోవ్, ఫైనల్లో సెర్గీ బ్రుగెరా. ఫైనల్ స్కోరు 6-3, 6-4, 6-2. పసుపూ నీలం కలిసిన చొక్కా, ఉంగరాల జుట్టు, అలుపెరగని నవ్వు. జనం వాటిని చూశారు. సాటి ఆటగాళ్లు మాత్రం అతని రాకెట్‌లో బిగించిన తీగల వైపు చూడటం మొదలుపెట్టారు. ఫ్రేమ్ హెడ్ కంపెనీది, అందులో వింతేమీ లేదు. తీగ మాత్రం బెల్జియంలోని లక్సిలాన్ సంస్థ తయారుచేసిన పాలిస్టర్.

అప్పటిదాకా పెద్ద ఆటగాళ్లలో ఎక్కువమంది నమ్ముకున్నది నేచురల్ గట్. ఆవు పేగుతో చేసే తీగ అది. మెత్తగా ఉంటుంది, బంతిని హాయిగా విసురుతుంది, మోచేతికి సుఖం. పాలిస్టర్ దానికి పూర్తిగా వ్యతిరేకం, మొరటుగా, బిరుసుగా ఉంటుంది. దానికున్న సుగుణమల్లా నున్నదనమే. బంతిని కింది నుంచి పైకి గట్టిగా రాసుకుంటూ కొట్టినప్పుడు నిలువు తీగలు పక్కకి జారతాయి. బంతి ఇంకా తీగల మీద ఉండగానే చటుక్కున వెనక్కి వచ్చేస్తాయి. ఆ వెనక్కి వచ్చే ఊపు బంతిని మరింత తిప్పుతుంది. తిరిగే బంతి నెట్ మీద నుంచి ఎత్తుగా వెళ్లినా బేస్‌లైన్ లోపలే దిగుతుంది. అంటే ఎంత బలంగా కొట్టినా కోర్టు దాటిపోదనే ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం వచ్చాక స్వింగే మారిపోతుంది. తర్వాతి పదేళ్లలో పురుషుల టెన్నిస్ మొత్తం ఆ దారిలోనే నడిచింది. అప్పటికే ముప్పై దాటిన ఆండ్రీ అగస్సీ కూడా 2002లో ఆ తీగకి మారాడు, ఆ ఏడాదే రోమ్‌లో టైటిల్ గెలిచాడు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ తరం టెన్నిస్‌ని తిప్పేసిన మార్పు ఖరీదు ఒక సెట్ గట్స్ ఖరీదు. పొద్దున వేయించుకుని, నచ్చకపోతే సాయంత్రం కత్తెరతో కోసి పారేయొచ్చు. పాత గట్టింగ్ వేయిస్తే పాత రాకెట్ మళ్లీ చేతికొస్తుంది. నేను 'వెనక్కి రాగలిగిన మార్పు' అంటున్నది దీన్నే.

మన పిల్లలు చాలామంది అసలు తమ రాకెట్‌లో ఏ తీగ ఉందో, ఎన్ని కిలోలకి బిగించారో చెప్పలేరు. రాకెట్ పేరు, రంగు, దాన్ని వాడే స్టార్ పేరు గడగడా చెబుతారు. గట్స్ అడిగితే "అంకుల్ వేశారు" అంటారు. ఆ అంకుల్ ఏదో వేశారు, మీవాడు దానితో ఆడి గెలిచాడు లేదా ఓడాడు, ఎందుకో ఎవరికీ తెలియదు. అందుకే ముందుగా ఒక చిన్న నోట్‌బుక్ పెట్టండి. తేదీ, తీగ పేరు, మందం, టెన్షన్, ఎక్కడ ఆడింది, ఎండా చలా, ఎన్ని గంటలకి తెగింది లేదా చచ్చుబడింది. రెండు నెలలు రాస్తే చాలు, ఏ సేల్స్‌మన్ చెప్పనివి కొన్ని ఆ నోట్‌బుక్ చెబుతుంది.

చచ్చుబడటం అన్నాను. పాలిస్టర్‌తో వచ్చే తిప్పలన్నీ అక్కడే ఉన్నాయి. నైలాన్ తీగ పీచులు లేచి, 'నన్ను మార్చు' అని కంటికి చెబుతుంది. పాలిస్టర్ చూడ్డానికి కొత్తదానిలాగే ఉండి లోపల పస పోతుంది. బిగించిన మొదటి రోజునే కొంత టెన్షన్ వదిలేస్తుంది, తర్వాత రోజురోజుకీ ఇంకొంత. తీగ జారి వెనక్కి రావడం మానేస్తుంది. బంతి ఒకసారి పొట్టిగా, ఒకసారి పొడుగ్గా పోతుంది. కుర్రాడు తన చెయ్యి పాడైందనుకుని చేతిని మార్చుకోవడం మొదలుపెడతాడు. చూస్తూ చూస్తూ మంచి స్ట్రోక్ చెడిపోతుంది. దీనికంటే పెద్ద ప్రమాదం మోచెయ్యి, మణికట్టు. ఎముకలు ఇంకా ముదరని పిల్లలకి రాకెట్ నిండా పాలిస్టర్ వేయించడం నాకు బొత్తిగా ఇష్టం ఉండదు. పన్నెండేళ్ల పిల్లకి చాంపియన్ వాడే తీగ ఎందుకు? దాన్ని జరిపేంత బలం ఆ చేతికి ఎక్కడిది? మెత్తని మల్టీఫిలమెంట్ వేయించండి, లేదా నిలువు తీగలు ఒక రకం, అడ్డ తీగలు ఇంకో రకం పెట్టి హైబ్రిడ్ చేయించండి. రోజర్ ఫెదరర్ చాలా ఏళ్లు వాడింది హైబ్రిడ్డే, నిలువుకి నేచురల్ గట్, అడ్డానికి లక్సిలాన్ పాలిస్టర్. పేగు తీగ మెత్తదనాన్నీ పాలిస్టర్ అదుపునీ ఒకే రాకెట్‌లో ఇమిడ్చాడు.

డబ్బు సంగతి కూడా మాట్లాడుకోవాలి, వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు దీన్ని మర్యాద కోసం దాటేస్తుంటాయి. 15 వేల డాలర్ల ఐటీఎఫ్ టోర్నీలో సింగిల్స్ విజేతకి చేతికొచ్చేది రెండు వేల డాలర్ల పైచిలుకు. తొలి రౌండ్‌లో ఓడితే రెండు వందల డాలర్లు కూడా రావు, హోటలు ఖర్చుకే చాలవు. అలాంటి చోట రోజుకో గట్టింగ్ అంటే గుండె గుభేలుమంటుంది. విడి సెట్లు కొనే బదులు 200 మీటర్ల రీల్ కొంటే ఒక్కో రాకెట్‌కి సుమారు 12 మీటర్ల చొప్పున పదహారు సార్లు వస్తుంది, ఖర్చు చెప్పుకోదగ్గంత తగ్గుతుంది. ఇద్దరు ముగ్గురు ఆటగాళ్లు కలిసి ఒక గట్టింగ్ మెషిన్ కొనుక్కుని, తామే వేసుకోవడం నేర్చుకుంటే ఇంకా మేలు. తన రాకెట్‌కి తానే గట్స్ వేసుకునేవాడికి టెన్షన్ అంటే ఏమిటో వేళ్లకి తెలుస్తుంది. అమ్మానాన్నలకి ఒక మాట: కొత్త రాకెట్ కొనిపెట్టమని వాడు అడిగిన రోజున ముందు మంచి గట్స్ కొనివ్వండి. పది సార్లలో ఎక్కువసార్లు గొడవ అక్కడే తేలిపోతుంది.

టెన్షన్ గురించి ఒక అపోహ ఉంది. వదులుగా వేస్తే బంతి వేగంగా పోతుందనీ, బిగువుగా వేస్తే నెమ్మదిస్తుందనీ అనుకుంటారు. వేగంలో వచ్చే తేడా చాలా స్వల్పం. మారేది ముఖ్యంగా బంతి లేచే కోణం. వదులు తీగల మీద బంతి కాస్త ఎక్కువసేపు ఉండి, కాస్త ఎత్తుగా లేచి, ఇంకొంచెం లోతుగా దిగుతుంది. బిగువు పెంచితే బంతి కిందుగా వెళ్లి ముందే పడుతుంది. అందుకని "నా షాట్లు లాంగ్ పోతున్నాయి" అంటే అర కిలోనో కిలోనో పెంచడం, "నెట్‌లో పడుతున్నాయి, పొట్టిగా పడుతున్నాయి" అంటే తగ్గించడం. అంతే లెక్క.

ఊరు మారితే ఈ లెక్క కూడా మారుతుంది. విశాఖలో సముద్రం పక్కన ఆడి, అక్కడి నుంచి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరుకి టోర్నీకి వెళ్లండి. గాలి పలచబడుతుంది, బంతికి అడ్డు తగ్గుతుంది. నిన్న లోపల పడ్డ ఫోర్‌హ్యాండ్ ఇవాళ ఒక అడుగు బయట పడుతుంది. స్పెయిన్‌లో మాడ్రిడ్ టోర్నీ గురించి క్లే కోర్టు ఆటగాళ్లు ఏటా గొణుక్కునేది ఇందుకే, అది 650 మీటర్ల ఎత్తున ఉంది. తెలిసినవాడు తొలి ప్రాక్టీసుకే ఒక కిలో బిగువు పెంచిన రాకెట్ ఒకటి సిద్ధంగా పెట్టుకుంటాడు. తెలియనివాడు మూడు రోజులు తన చేతిని తిట్టుకుని నాలుగో రోజు బస్సెక్కుతాడు.

ఇక బరువు. రాకెట్ మీద రాసి ఉండే 300 గ్రాములో 305 గ్రాములో చాలావరకు గట్స్ వేయకముందు బరువు. గట్స్‌తో పదిహేను గ్రాములకి పైనే పెరుగుతుంది, చేతి పట్టుకి చుట్టే ఓవర్‌గ్రిప్ ఇంకో ఐదు. పైగా ఒకే మోడల్‌లో రెండు రాకెట్ల మధ్య కొన్ని గ్రాముల తేడా ఉండటం మామూలే. ఒకే రంగు, ఒకే పేరు, ఒకే రోజు కొన్నవి, అయినా ఒకటి చేతికి అతుక్కుపోతుంది, రెండోది పరాయిగా ఉంటుంది. మీ పిల్లాడు "ఆ రాకెట్ వద్దు, ఈ రాకెట్టే కావాలి" అని మారాం చేస్తే మూఢనమ్మకమని కొట్టిపారేయకండి, వంటింటి డిజిటల్ త్రాసు తెచ్చి రెండూ తూచండి.

తూకం కంటే ముఖ్యం ఆ బరువు ఎక్కడ ఉందన్నది. దీన్ని స్వింగ్‌వెయిట్ అంటారు, ఊపినప్పుడు రాకెట్ ఎంత బరువనిపిస్తుందో చెప్పే లెక్క. పిడి చివర నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర ఇరుసు ఉందనుకుని కొలుస్తారు. అక్కడి నుంచి దూరం పెరిగేకొద్దీ బరువు ప్రభావం ఆ దూరం వర్గంతో పెరుగుతుంది. ఒక 5 గ్రాముల సీసపు పట్టీ తీసుకోండి. రాకెట్ కొస మీద అతికిస్తే స్వింగ్‌వెయిట్ సుమారు 17 పాయింట్లు పెరుగుతుంది. తలకి రెండు పక్కలా, గడియారంలో మూడు, తొమ్మిది అంకెలుండే చోట సగం సగం అతికిస్తే 9 పాయింట్లు. పిడిలో పెడితే దాదాపు సున్నా. బరువు అదే, రాకెట్లు మూడు. కొస మీద పెట్టింది సర్వీస్‌కి ఊపునిస్తుంది, వాలీ దగ్గర చేతిని ఆలస్యం చేస్తుంది. పక్కల పెట్టింది, బంతి మధ్యలో తగలనప్పుడు రాకెట్ చేతిలో మెలి తిరగకుండా ఆపుతుంది. పిడిలోది తలని తేలిక చేసినట్టు అనిపింపజేస్తుంది.

5 గ్రాములు అని ఊరికే అనలేదు. కార్లోస్ అల్కరాజ్ 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌కి ముందు తన రాకెట్‌కి పెంచిన బరువు అంతే. అప్పటికే నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచినవాడు. చేతిలో ఉన్నది చాలా ఏళ్లుగా వాడుతున్న బాబోలా ప్యూర్ ఏరో వంశం రాకెట్టే: తల 98 చదరపు అంగుళాలు, దుకాణంలో దొరికేదాని బరువు 305 గ్రాములు. ఫ్రేమ్ జోలికి వెళ్లలేదు. డిసెంబరు విరామంలో, సర్వీస్ తీరు సరిదిద్దుకుంటున్న సమయంలో, అంత చిన్న మార్పు చేశాడు. ఆ టోర్నీలో క్వార్టర్‌ఫైనల్లో జొకోవిచ్ చేతిలో ఓడాడు. అదే ఏడాది ఫ్రెంచ్ ఓపెన్, యూఎస్ ఓపెన్ గెలిచాడు. ఐదు గ్రాములే గెలిపించాయని నేననను, ఎవరూ అనలేరు. మార్పుని ఎంత చిన్నదిగా, ఏ నెలలో చేశాడో చూడమంటున్నాను. ఓడిన మర్నాడు కోపంతో చేసిన పని కాదది.

ఆడలేక మద్దెల ఓడు అంటాం. సామెత మంచిదే కానీ దాని చాటున ఒక బద్ధకం కూడా ఉంది. ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓటిది అయ్యుండొచ్చు, ఎవరైనా వాయించి చూడాలి కదా. 1991లో బియాన్ బోర్గ్ మోంటే కార్లోలో మళ్లీ కోర్టులోకి దిగాడు. ఆట వదిలేసి ఎనిమిదేళ్లు దాటింది. ప్రపంచమంతా గ్రాఫైట్‌కి మారిపోయింది. ఆయన తన పాత రోజుల్లోలాగే చెక్క రాకెట్‌తో వచ్చాడు. జోర్డీ అరెసె చేతిలో 6-2, 6-3తో ఓడాడు. పీట్ సాంప్రస్ కెరీర్ పొడుగునా 85 చదరపు అంగుళాల చిన్న తల విల్సన్ రాకెట్‌ని వదల్లేదు. 14 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచినా ఫ్రెంచ్ ఓపెన్ మాత్రం దక్కలేదు, 1996 సెమీఫైనలే ఆయన అక్కడ చేరిన ఎత్తు. క్లే మీద పెద్ద రాకెట్ ప్రయత్నించి ఉండాల్సిందని రిటైరయ్యాక ఆయనే అన్నాడు. కాబట్టి 'మార్చకపోవడమే గొప్ప' అనే వైరాగ్యం కూడా ఇక్కడ పనికిరాదు.

తొందర వైపు చూడాలంటే నొవాక్ జొకోవిచ్ ఉన్నాడు. 2008 జనవరిలో విల్సన్ రాకెట్‌తో మొదటి గ్రాండ్‌స్లామ్ గెలిచాడు, వయసు 20. 2009 మొదలయ్యేసరికి చేతిలో హెడ్ రాకెట్ ఉంది. ఆ ఏడాది తొలి టోర్నీ బ్రిస్బేన్‌లో మొదటి మ్యాచ్‌లోనే ఎర్నెస్ట్స్ గుల్బిస్‌కి ఓడిపోయాడు. రెండో గ్రాండ్‌స్లామ్ కోసం 2011 దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో సర్వీస్ దెబ్బతింది, ఎండలో ఊపిరి ఆడక సతమతమయ్యాడు, తిండి మార్చుకున్నాడు. ఆ రెండేళ్లకీ రాకెట్ ఒక్కదాన్నే దోషిగా నిలబెడితే అన్యాయం. తర్వాత అదే కంపెనీ రాకెట్‌తో పురుషుల టెన్నిస్ చరిత్రలో ఎవరూ గెలవనన్ని గెలిచాడు. అయితే అగ్రస్థాయి ఆటగాడు, చుట్టూ నిపుణులు, చేతిలో డబ్బు ఉన్నవాడికే కుదురుకోవడానికి అంత సమయం పట్టిందంటే, వెనకాల ఎవరూ లేని 19 ఏళ్ల కుర్రాడు సీజన్ మధ్యలో ఫ్రేమ్ మారిస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

ఈ విషయంలో నేను అందరికంటే ఎక్కువగా ఫెదరర్‌ని చూసి నేర్చుకోమంటాను. ఎదిగే వయసులో ఆయన చేతిలో ఉన్నది సాంప్రస్ వాడిన 85 అంగుళాల రాకెట్టే. 2002లో 90కి మారాడు. మరుసటి ఏడాది తొలి వింబుల్డన్ గెలిచాడు. ఆ తర్వాత దశాబ్దం పాటు ఆ 90 అంగుళాలే. 2013 వింబుల్డన్‌లో రెండో రౌండ్‌లోనే సెర్గీ స్టాకోవ్‌స్కీ చేతిలో ఓడాక, అందరూ ఎప్పటినుంచో చెబుతున్నది విన్నాడు. 98 అంగుళాల నమూనా రాకెట్ ఒకటి తీసుకుని హాంబర్గ్, గ్‌స్టాడ్ టోర్నీల్లో ఆడాడు. నల్ల రంగు తప్ప దాని మీద బొమ్మలూ రాతలూ ఏమీ లేవు. హాంబర్గ్ సెమీస్‌లో నూరు దాటిన ర్యాంకున్న ఫెదెరికో డెల్బోనిస్ ఓడించాడు. గ్‌స్టాడ్‌లో ఆడిన మొదటి మ్యాచే ఓడిపోయాడు. నడుం నొప్పి కూడా ఉంది.

అప్పుడు చేసిన పని చూడండి. కొత్త రాకెట్‌ని పక్కన పెట్టి పాత 90తో అమెరికా వెళ్లాడు. పేపర్లు రాసుకున్నది రాసుకున్నాయి. సీజన్ ముగిశాక, పోటీలు లేని వారాల్లో మళ్లీ ఆ పెద్ద తలతో కూర్చున్నాడు. 2014 నుంచి పెద్ద రాకెట్‌తోనే ఆడాడు. తర్వాత 97 అంగుళాలతో, గట్స్ లేకుండానే 340 గ్రాములున్న బరువైన ఫ్రేమ్ ఆయన పేరుతోనే మార్కెట్లోకి వచ్చింది. వెంటనే అద్భుతం జరగలేదు. 2014, 2015, 2016 మూడేళ్లూ గ్రాండ్‌స్లామ్ రాలేదు. 2017 జనవరిలో, ఆరు నెలలు ఆటకి దూరంగా ఉండి వచ్చి, 35 ఏళ్ల వయసులో మెల్‌బోర్న్ ఫైనల్లో ఐదు సెట్లు ఆడి నడాల్‌ని ఓడించాడు. ఏళ్ల తరబడి నడాల్ ఎత్తుగా లేపి హింసించిన ఆ బ్యాక్‌హ్యాండే ఆ రోజు ఎదురుతిరిగింది. పెద్ద తల ఇచ్చిన వెసులుబాటు అందులో కొంత ఉందని నా నమ్మకం.

దీన్నుంచి మీకు పనికొచ్చే పద్ధతి ఒకటి తీయొచ్చు. ఫ్రేమ్ పరీక్షని పెద్ద టోర్నీలో చేయకండి, సొంత ఊళ్లో ప్రాక్టీసులో మాత్రమే చేసి సరిపెట్టుకోకండి కూడా. ప్రాక్టీసులో ప్రతి కొత్త రాకెట్ బాగానే ఉంటుంది. పాయింటు 30-40 ఉన్నప్పుడు రెండో సర్వీస్ వేయాలి, అప్పుడు తెలుస్తుంది. ర్యాంకు పాయింట్లు పోయినా ఫరవాలేదనుకునే ఒకటి రెండు చిన్న పోటీలు ఎంచుకోండి. రంగు, పేరు కనబడకుండా నల్ల టేపు చుట్టమని కోచ్‌కి చెప్పండి. పాతదానికీ కొత్తదానికీ ఒకే తీగ, ఒకే టెన్షన్ వేయించండి. లేకపోతే పరీక్షిస్తున్నది ఫ్రేమ్‌నా గట్స్‌నా అన్నది తేలదు. ఒకేసారి రెండు మార్పులు చేసినవాడు దేన్నీ తెలుసుకోలేడు. ఫలితం స్కోరులో వెతక్కండి, ఎదుటివాడు బలహీనుడైతే గెలుస్తారు. సర్వీస్ రిటర్న్ ఎన్ని లోపల పడ్డాయి, మూడో సెట్‌లో భుజం ఎలా ఉంది, మర్నాడు పొద్దున మోచెయ్యి ఏమంటోంది, ఇవి చూడండి.

పిడి మందం గురించి, బూట్ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పిడి ఎల్2 కావాలా ఎల్3 కావాలా అన్న సందేహం వస్తే చిన్నది కొనండి. సన్నని పిడి మీద ఇంకో ఓవర్‌గ్రిప్ చుట్టి లావు చేయొచ్చు, లావుదాన్ని సన్నం చేయడం కష్టం. నడాల్ అంతటివాడు కూడా సన్నని పిడే వాడాడు. విజయవాడ మే నెల చెమటకి ఓవర్‌గ్రిప్ సెట్‌కొకటి మార్చినా తప్పులేదు, అదే మీరు కొనే వస్తువులన్నిటిలో చవక. బూట్లు క్లేకి క్లేవే వేసుకోవాలి, హార్డ్‌కోర్టు బూట్లతో మట్టి మీద ఆడి చీలమండ తిప్పుకున్నాక రాకెట్ ఏదైతేనేం?

ఇప్పుడు మళ్లీ ఆ ఫోన్ కాల్స్ దగ్గరికి. ఉచిత రాకెట్లు వద్దనమని నేను చెప్పడం లేదు, మధ్యతరగతి ఇంట్లో అది చిన్న సాయం కాదు. కానీ సంతకం పెట్టేముందు కొన్ని సంగతులు నోరు తెరిచి అడగాలి. మా అబ్బాయి ఇప్పుడు వాడుతున్న పాత మోడల్‌నే ఇస్తారా, లేక ఈ ఏడాది అమ్మాల్సిన కొత్త మోడలే పట్టుకోవాలా? గట్స్ మీ కంపెనీవే వేయాలా, బయటివి వేసుకోవచ్చా? కొత్త రాకెట్‌కి అలవాటు పడలేకపోతే ఎన్ని నెలల్లో బయటికి రావచ్చు? దెబ్బ తగిలి ర్యాంకు జారితే ఇచ్చిన వస్తువులు వెనక్కి అడుగుతారా? అగ్రశ్రేణి ఆటగాళ్లలో చాలామంది చేతిలో కనిపించే కొత్త మోడల్, నిజానికి ఏళ్ల నాటి పాత ఫ్రేమ్‌కి కొత్త రంగు పూసింది. దీన్నే పెయింట్ జాబ్ అంటారు. కంపెనీలకీ తెలుసు, ఆటగాళ్లకీ తెలుసు, టీవీ చూసి దుకాణానికి పరుగెత్తే మనకే తెలియదు. అంటే ప్రపంచంలో అందరికంటే బాగా ఆడేవాళ్లు, కోట్ల ఒప్పందాలున్నవాళ్లు, తమకి అలవాటైన ఫ్రేమ్‌ని రంగు కింద దాచి మరీ కాపాడుకుంటున్నారు. మీవాడికి ఆ వెసులుబాటు ఎవరూ ఇవ్వరు కాబట్టి, ఒప్పందం ఒక ఏడాదికి మించకుండా చూసుకోండి. అది కూడా నవంబరు, డిసెంబరుల్లో మొదలయ్యేలా అడగండి. మార్చి నెలలో, టోర్నీల మధ్యలో, ఎంత ఇస్తామన్నా వద్దు.

ఒకే మోడల్ రాకెట్లు కనీసం మూడు, వీలైతే నాలుగు ఉంచుకోవాలి. అన్నిటినీ తూచి, తేలికగా ఉన్నవాటికి సీసపు పట్టీ వేసి, అన్నిటికంటే బరువైనదానికి సమానం చేయండి. పిడి కింద మార్కర్‌తో 1, 2, 3, 4 అని రాయండి. గట్టింగ్ మ్యాచ్‌కి ముందురోజు సాయంత్రం కాకుండా, కుదిరితే అదే రోజు పొద్దున వేయించండి. ఒకటో నంబరు, రెండో నంబరు మామూలు టెన్షన్‌కి. మూడోది ఒక కిలో ఎక్కువ, మధ్యాహ్నం ఎండలో బంతి ఎగిరిపోతుంటే దాన్ని తీయాలి. నాలుగోది ఒక కిలో తక్కువ, డిసెంబరు సాయంత్రం చలికి బంతి బరువెక్కినప్పటి కోసం. ప్రొఫెషనల్ మ్యాచ్‌లో మొదట ఏడు గేమ్‌ల తర్వాత, ఆపైన తొమ్మిదేసి గేమ్‌లకి ఒకసారి బంతులు మారుస్తారు. కొత్త బంతులు వచ్చినప్పుడే రాకెట్ కూడా మార్చుకోవడం చాలామంది పెద్ద ఆటగాళ్ల అలవాటు. తీగ తెగేదాకా ఆగకండి. తెగేది ఎప్పుడూ బ్రేక్ పాయింట్ మీదే.